పరలోక సందేశాలు వస్తున్నాయని ఎవరైనా చెబితే నమ్మాలా? శ్రీసభ ఏం చూస్తుంది, మనం ఏం చూడాలి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. వేరే దేశంలో ఉన్న ఒకావిడకు మరియతల్లి వారం వారం సందేశాలు ఇస్తోందట. మీ అమ్మగారి ప్రార్థన బృందంలో జపమాల అయ్యాక వాటిని చదువుతున్నారు. మూడు రోజుల చీకటి రాబోతోందనీ, ఆశీర్వదించిన కొవ్వొత్తులు ఇంట్లో దాచుకోమనీ, సందేశం అందినవాళ్లు ఇంకొందరికి పంపాలనీ అందులో ఉంది. మీకు నమ్మకం కుదరడం లేదు. నమ్మకపోతే పాపమా, శ్రీసభ (కతోలిక చర్చి) వీటిని ఎలా తేలుస్తుంది, అమ్మకు ఏం చెప్పాలి అని అడిగారు.

మీ టెన్షన్ అంతా మొదటి ప్రశ్న దగ్గరే ఉంది కాబట్టి ముందు దానికి జవాబు చెప్పేస్తాను. నమ్మకపోవడం పాపం కాదు. ఎవరూ పరిశీలించని ఈ సందేశాల సంగతి అలా ఉంచండి, మరియతల్లి కనబడిందని ఆమోదం పొందిన లూర్దు (ఫ్రాన్స్), ఫాతిమా (పోర్చుగల్) దర్శనాలను నమ్మకపోయినా పాపం కాదు. సత్యోపదేశ తరగతిలో ఈ మాట అన్నప్పుడల్లా ఎవరో ఒకరు "అయితే లూర్దు అబద్ధమా?" అని గట్టిగానే అడుగుతారు. నేను లూర్దును నమ్ముతాను. కానీ క్రీస్తు పునరుత్థానాన్ని నమ్మినట్టు నమ్మను, నమ్మకూడదు కూడా.

దేవుడు మనుషులకు చెప్పదలచుకున్నదంతా క్రీస్తులో చెప్పేశాడని, అపొస్తలుల కాలంతో ఆ ప్రకటన పూర్తయిందని శ్రీసభ బోధ. రెండో వాటికన్ మహాసభ 1965లో దీన్ని మళ్లీ స్పష్టం చేసింది. సత్యోపదేశ గ్రంథం (శ్రీసభ బోధను వివరించే అధికారిక పుస్తకం) 66, 67 పేరాలు తీసి చదవండి, అక్కడ సూటిగా ఉంటుంది. ఆ తర్వాత ఎవరికి ఏ దర్శనం కలిగినా అది వ్యక్తిగత ప్రకటన. క్రీస్తు చెప్పినదానికి అది ఏదీ జోడించదు, దిద్దదు. ఒకానొక కాలంలో ఆయన మాట ప్రకారం బతకడానికి సాయపడితే పడుతుంది, అంతే. 16వ శతాబ్దపు స్పెయిన్ సన్యాసి పునీత సిలువ యోహాను ఇంకా ముక్కుసూటి మనిషి. కుమారునిలో అంతా ఇచ్చేశాక ఇంకా దర్శనాలు కావాలని కోరడం దేవుణ్ణి నొప్పించడమేనని రాశాడు. ఆయన నాస్తికుడు కాదు, శ్రీసభ ఎరిగిన అతి గొప్ప ధ్యానుల్లో ఒకడు.

ఇక "ఆమోదించింది" అన్నమాటకు జనం ఇచ్చే బరువు శ్రీసభ ఇచ్చే బరువు కంటే చాలా ఎక్కువ. 18వ శతాబ్దపు పోపు పద్నాలుగో బెనెడిక్ట్ ఈ విషయంలో ఇప్పటికీ ప్రమాణం. పోపు కాకముందు ఆయన పేరు ప్రోస్పెరో లాంబెర్తీని. పునీతుల పట్టం కోసం వచ్చిన ప్రతి కేసులోనూ లోపాలు వెతకడం చాలా ఏళ్లపాటు ఆయన ఉద్యోగం. ఆమోదం పొందిన ప్రకటనలకు కూడా దేవవాక్యానికి ఇచ్చే విశ్వాసం ఇవ్వనక్కర్లేదని, ఇవ్వడం కుదరదని ఆయన తేల్చాడు. నమ్మదగ్గ మనిషి చెప్పిన మాటను వివేకంతో నమ్మినట్టు నమ్మవచ్చు. నమ్మకపోయినా తప్పులేదు, కానీ దానికి తగిన కారణం ఉండాలి, వెక్కిరింపు ఉండకూడదు. 2000లో ఫాతిమా మూడో రహస్యాన్ని వాటికన్ బయటపెట్టినప్పుడు దానికి వ్యాఖ్యానం రాసిన కార్డినల్ రాట్సింగర్ (తర్వాత పోపు పదహారో బెనెడిక్ట్) కూడా ఇదే చెప్పారు: ఇది మనకు అందించిన సాయం, వాడుకుని తీరాలన్న నియమం లేదు. ఆమోదం అంటే ఆ సందేశంలో విశ్వాసానికి, నీతికి విరుద్ధమైనది లేదు, బహిరంగంగా చెప్పుకోవచ్చు, కావాలనుకున్నవాళ్లు వివేకంతో స్వీకరించవచ్చు అన్నంత వరకే.

ఇక్కడ చాలామంది ఒక ప్రశ్న వేస్తారు. ఈస్టర్ తర్వాతి ఆదివారాన్ని దివ్యకారుణ్య ఆదివారంగా శ్రీసభ మొత్తం జరుపుకుంటోంది కదా, అది పోలండ్ కన్యస్త్రీ పునీత ఫౌస్తీనా దర్శనం వల్లే కదా అని. దర్శనం ప్రేరణ అయి ఉండవచ్చు. కానీ దాన్ని ప్రార్థన క్యాలెండర్‌లో పెట్టింది శ్రీసభ అధికారం. దేవుని కరుణ గురించి మనకు తెలిసేది సువార్త వల్ల. ఫౌస్తీనా డైరీ రేపు కనబడకుండా పోయినా ఆ బోధలో ఒక్క అక్షరం తగ్గదు.

ఎలా తేలుస్తారన్నది మీ రెండో ప్రశ్న. బయటివాళ్లు అద్భుతాల వైపు చూస్తారు: సూర్యుడు తిరిగాడా, విగ్రహం కన్నీరు కార్చిందా అని. పరిశీలించేవాళ్లు ముందు మనిషిని చూస్తారు. ఆవిడ మానసికంగా నిలకడగా ఉందా, అబద్ధాలాడే అలవాటు ఉందా, దర్శనాల వల్ల ఆవిడకు ఏం కలిసొస్తోంది, కాదన్నప్పుడు ఎలా స్పందిస్తుంది. నన్నడిగితే ఆ చివరిదే అన్నిటికంటే గట్టి పరీక్ష.

16వ శతాబ్దపు స్పెయిన్ కన్యస్త్రీ, ఆవిలా పునీత తెరేసా సంగతి చూడండి. ఆమెకు క్రీస్తు దర్శనాలు మొదలైనప్పుడు అవి సాతాను పని అని ఆమె ఆత్మీయ గురువులు అనుకున్నారు. వాళ్ల భయం ఊరికే వచ్చింది కాదు. ఆ తరంలోనే కోర్దోబాలో మగ్దలేనా అనే మఠాధిపతి ఉండేది. భోజనం లేకుండా దివ్యసత్ప్రసాదంతోనే బతుకుతోందని పేరు, రాజకుటుంబం దాకా భక్తులు. చివరికి అంతా మోసమని ఆవిడే ఒప్పుకుంది, 1546లో శిక్ష పడింది. అందుకే తెరేసాకు ఒక విచిత్రమైన ఆజ్ఞ ఇచ్చారు. క్రీస్తు కనబడగానే ఆయన ముఖం మీదే, పిడికిలి బిగించి వేళ్ల మధ్య నుంచి బొటనవేలు చూపే వెక్కిరింపు సైగ చేయమన్నారు. ఆమెకు ప్రాణం పోయినంత పనైంది. అయినా చేసింది, చేస్తూ ఆయన్ను క్షమాపణ అడిగింది. మాటిమాటికీ సిలువ గుర్తు వేసుకోలేక చేతిలో సిలువ పట్టుకుని ఉండేదట. ఆ దర్శనంలోనే క్రీస్తు, నువ్వు విధేయత చూపడం మంచిదే, నిజం నేనే తెలిసేలా చేస్తానని చెప్పాడని ఆమె రాసుకుంది. తన దర్శనం ఒకటి, గురువు మాట ఒకటి అయినప్పుడు ఆమె గురువు మాటే విన్నది. కతోలిక సంప్రదాయంలో నిజమైన దర్శనానికి ఇంతకంటే పెద్ద గుర్తు దొరకడం కష్టం.

దీనికి ఎదురుగా, బిషప్ వద్దన్న మర్నాడే "బిషప్ సాతాను చేతిలో పడ్డాడు" అని కొత్త సందేశం వచ్చిందనుకోండి. పరలోకం నుంచి సరిగ్గా అవసరమైన రోజున ఆవిడకు అనుకూలమైన తీర్పు వచ్చిందంటే నేను అక్కడితో చదవడం ఆపేస్తాను.

లూర్దు బెర్నదెత్‌ది ఇంకో రకం బలం. 1858లో 14 ఏళ్ల పిల్ల, చదువు లేదు, ఇల్లు గడవని కుటుంబం. పోలీసు అధికారి, గురువు, కమిషన్ సభ్యులు, కుతూహలంతో వచ్చిన పెద్దమనుషులు తిప్పి తిప్పి అడిగారు. ఎవరికీ కథను పెంచి చెప్పలేదు. డబ్బు ఇస్తే తీసుకోలేదు. విచారణ గురువు (అంటే ఆ ఊరి చర్చి ఫాదర్) పేరామాల్, ఆ తల్లి తన పేరు చెప్పాలి, ఆమె పాదాల దగ్గరున్న అడవి గులాబీ పొద చలికాలంలో పూయాలి అని షరతు పెట్టాడు. పొద పూయలేదు. మార్చి 25న మాత్రం ఆ పిల్ల, దారంతా మర్చిపోకుండా వల్లించుకుంటూ వచ్చి, తనకే అర్థం తెలియని మాట ఆయన ముందు చెప్పింది: "నేను అమలోద్భవిని" (జన్మపాపం అంటకుండా గర్భంలో పడినదాన్ని). నమ్మించడం నా పని కాదు, చెప్పడమే నాకు అప్పగించిన పని అని ఆమె అన్నట్టు చెబుతారు. అదే వసంతంలో ఆ గుహ దగ్గర మాకూ దర్శనం కలిగిందని డజన్ల మంది బయలుదేరారు. వాళ్లలో ఒక్కరి దర్శనాన్నీ బిషప్ స్వీకరించలేదు. ఆయన తీర్పు 1862 జనవరిలో వచ్చింది, అంటే పరిశీలనకు మూడేళ్లకు పైనే పట్టింది. రువాండాలోని కిబేహోలోనూ ఇదే జరిగింది. 1981లో మొదలై ఎంతోమంది పిల్లలు, పెద్దలు దర్శనాలు చూశామన్నారు. 2001లో బిషప్ ముగ్గురివి మాత్రమే స్వీకరించారు. ఒక చోటు నిజమైతే అక్కడ వినిపించినదంతా నిజం కాదు.

పారిస్‌లో 1830లో దర్శనాలు పొందిన కాతరీన్ లబూరే అయితే తన పేరే బయటికి రానివ్వలేదు. ఆ దర్శనం ప్రకారం చేయించిన 'అద్భుత పతకం' ప్రపంచమంతా పాకినా, ఆ దర్శనం ఎవరికి కలిగిందో తోటి కన్యస్త్రీలకు దశాబ్దాలపాటు తెలియదు. ఆమె వృద్ధుల ఆశ్రమంలో పని చేసుకుంటూ ఉండిపోయింది. ఇప్పటి వీడియో ఛానెళ్లను చూసినప్పుడు నాకు ఆవిడే గుర్తొస్తుంది.

తర్వాత సందేశం. ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, దర్శనం నిజమైతే ప్రతి వాక్యం దేవుడు చెప్పి రాయించినట్టు తీసుకోవడం. రెండోది, ఒక్క పొరపాటు కనిపించగానే అంతా మోసం అనడం. చూసిన మనిషి తన జ్ఞాపకంతో, తన ఊహతో, తాను చదివిన పుస్తకాలతోనే చూస్తుంది. మరియతల్లి యెరూషలేములో కన్ను మూసిందని స్పెయిన్ కన్యస్త్రీ ఆగ్రెదా మరియ రాసింది. ఎఫెసులో అని జర్మన్ కన్యస్త్రీ ఆన్ కాతరీన్ ఎమ్మెరిక్ చెప్పిందంటారు. ఇద్దరూ భక్తురాళ్లే, రెండూ నిజం కాలేవు. ఎమ్మెరిక్ మాటలను కాగితం మీద పెట్టింది బ్రెంటానో అనే కవి. ఆయన రాతల్లో ఎంత ఆవిడది, ఎంత ఆయనది అన్నది తేలక, 2004లో ఆవిడను ధన్యురాలిగా (పునీత పట్టానికి ముందు మెట్టు) ప్రకటించినప్పుడు ఆ పుస్తకాలను లెక్కలోకి తీసుకోలేదు. పునీత విన్సెంట్ ఫెర్రెర్ లోకాంతం అతి దగ్గరలో ఉందని 15వ శతాబ్దం మొదట్లో ఊరూరా ప్రకటించాడు. లోకం ఇంకా ఉంది, ఆయన పునీతుడిగానూ ఉన్నాడు. ఫౌస్తీనాను ఆమె ఆత్మీయ గురువు ముందుగా మానసిక వైద్యురాలి దగ్గరకు పంపి పరీక్ష చేయించాడు. ఆయన ఊళ్లో లేని సమయంలో, దేవదూతలా కనబడిన ఒకరి మాట విని ఆమె తన డైరీని కాల్చేసింది. ఆయన తిరిగొచ్చి మళ్లీ మొదటి నుంచి రాయమన్నాడు. పునీతులు కూడా ఇలా మోసపోతారు.

ఫౌస్తీనా కథలో ఇంకో పాఠం ఉంది. 1959లో వాటికన్ ఆమె దివ్యకారుణ్య భక్తిని, ఆమె రాతలను నిషేధించింది. సరిగాలేని అనువాదాలు అందుకు ఒక కారణం. అసలు ప్రతులు పరిశీలించాక 1978లో నిషేధం తీసేశారు, 2000లో ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. ఆ మధ్య కాలంలో ఆ భక్తిని ప్రేమించినవాళ్లలో లోబడి ఎదురుచూసినవాళ్లు ఏమీ కోల్పోలేదు. అందుకే "ఇప్పుడు ఆలస్యమైతే దేవుని మాట వృథా అవుతుంది" అని తొందరపెట్టే ఫార్వర్డ్‌లు నాకు నచ్చవు.

ఇప్పటి పద్ధతి గురించి. చాలాకాలం 1978 నాటి నియమాలు నడిచాయి. స్థానిక బిషప్ పరిశీలించి, మానవాతీతమని తేలింది, తేలలేదు, కాదని తేలింది అని మూడు రకాలుగా చెప్పేవారు. దీంతో వచ్చిన చిక్కుకు ఆమ్‌స్టర్‌డామ్ మంచి ఉదాహరణ. 1945 నుంచి 1959 దాకా అక్కడ ఒకావిడకు కలిగాయన్న దర్శనాలు మానవాతీతం కావని రోమ్ 1974లోనే నిర్ణయించింది, కానీ ఆ నిర్ణయం ప్రచురించలేదు. 2002లో అక్కడి బిషప్ అవి నిజమని ప్రకటించాడు. పాత నిర్ణయాన్ని వాటికన్ 2024 జులైలో బయటపెట్టింది. మధ్యలో నలిగిపోయింది భక్తులే.

2024 మే నుంచి కొత్త నియమాలు వచ్చాయి. బిషప్ పరిశీలించినా ప్రకటించే ముందు వాటికన్ విశ్వాస సిద్ధాంత విభాగం అనుమతి కావాలి. "ఇది మానవాతీతం" అని ప్రకటించడం ఇక మామూలుగా ఉండదు, పోపు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప. అత్యంత అనుకూలమైన తీర్పు 'నిహిల్ ఒబ్‌స్టాట్', అంటే అడ్డేమీ లేదని. కింది కొసన, రుజువుల మీద "మానవాతీతం కాదు" అనే ప్రకటన. మధ్యలో నాలుగు మెట్లు ఉన్నాయి. మంచి ఉంది కానీ గందరగోళం కూడా ఉంది, జాగ్రత్త అనేది ఒకటి. సమస్యలున్నాయి, అయినా ఇప్పటికే విస్తరించి మంచి ఫలాలు ఇస్తోంది కాబట్టి నిషేధించకుండా, ప్రోత్సహించకుండా ఉంచేది ఒకటి. దర్శనంలో కంటే దాన్ని డబ్బుకో పెత్తనానికో వాడుకునేవాళ్లలో తప్పుంటే ఆ వ్యవహారం బిషప్ చేతికి తీసుకునేది మరొకటి. ప్రమాదం ఎక్కువైతే పూర్తిగా ఆపేది నాలుగోది. దర్శనం పేరుతో మనుషుల మీద పట్టు సాధించడం, వాళ్లను దుర్వినియోగం చేయడం ప్రత్యేకించి ఘోరమైన విషయమని ఆ నియమాల్లో విడిగా రాశారు. నా ఉద్దేశంలో అందులో అన్నిటికంటే అవసరమైన వాక్యం అదే.

మరియతల్లి దర్శనాలు కలుగుతున్నాయన్న బోస్నియాలోని మెజుగోర్యెకు 2024 సెప్టెంబర్‌లో నిహిల్ ఒబ్‌స్టాట్ ఇచ్చారు. "రోమ్ నిజమని ఒప్పేసుకుంది" అని వెంటనే పోస్టులు వచ్చాయి. ఒప్పుకోలేదు. 1981 నుంచి అక్కడ ఎంతోమంది పాపసంకీర్తనానికి, ప్రార్థనకు తిరిగొచ్చారు, ఆ ఫలాన్ని గుర్తించారు. ఆ పత్రంలోనే కొన్ని సందేశాల మీద హెచ్చరికలు కూడా ఉన్నాయి. మంచి ఫలాలు ముఖ్యమే, కానీ వాటితోనే దర్శనం రుజువు కాదు. జనం నిజాయితీగా ప్రార్థిస్తే దేవుడు ఎక్కడైనా వింటాడు.

ఇక మీ ఫార్వర్డ్ దగ్గరికి వద్దాం. ఇలాంటి సందేశాల పుస్తకాల మొదటి పేజీలో చిన్న అక్షరాలతో ఒక నోటు తరచూ కనబడుతుంది: 1966లో పోపు ఆరో పాల్ శ్రీసభ పాత చట్టంలోని 1399, 2318 నిబంధనలు (పుస్తకాల నిషేధానికి సంబంధించినవి) రద్దు చేశారు కాబట్టి దర్శనాల పుస్తకాలకు శ్రీసభ అనుమతి అక్కర్లేదు అని. రద్దు నిజమే. దాని అర్థం అది కాదు. ఆ నిర్ణయం వల్ల ఇలాంటి సందేశాలను స్వేచ్ఛగా పంచుకోవచ్చన్న వాదనకు ఆధారమే లేదని వాటికన్ 1996లో తేల్చి చెప్పింది. ఆ నోటు ఇంకా వేస్తున్న పుస్తకం అంటే, దాన్ని అచ్చువేసినవాళ్లు 1996 తర్వాతి సంగతి చూడలేదు, లేదా చూసీ చెప్పలేదు. ఒకవేళ 'ఇంప్రిమాతుర్' (బిషప్ ఇచ్చే ముద్రణ అనుమతి) ఉన్నా, సిద్ధాంత దోషం లేదని మాత్రమే. పరలోకం నుంచి వచ్చిందన్న ముద్ర కాదు.

సందేశంలో ఏముందో కూడా చూడండి. తేదీలు, శిక్షలు, దాచుకోవలసిన వస్తువులు, ఇంతమందికి పంపాలన్న షరతు. ఫాతిమాలోనూ హెచ్చరిక ఉంది, కానీ అది పశ్చాత్తాపానికి, జపమాలకు పిలిచింది. మీరు పంపిన దాన్ని రెండుసార్లు చదివాను. పొరుగువాణ్ణి క్షమించమని, పేదవాడికి పెట్టమని ఒక్క మాట కనబడలేదు. సువార్తల్లో మరియతల్లి మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానా పెళ్లిలో సేవకులతో అన్నది "ఆయన మీతో చెప్పునది చేయుడి" అని. ఆ తల్లే ఇప్పుడు వారానికి మూడు పేజీలు చెప్పకూడదని నియమం లేదు. కానీ ఆ పేజీలు మనల్ని ఆయన దగ్గరికి పంపుతున్నాయా, వచ్చే వారం సందేశం దగ్గరికి పంపుతున్నాయా?

అలాగని వెక్కిరించకండి. "ఆత్మను ఆర్పకుడి, ప్రవచించుటను నిర్లక్ష్యము చేయకుడి, సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అని పౌలు థెస్సలొనీకయులకు రాసినప్పుడు ఆ మూడూ కలిపే చెప్పాడు.

అమ్మతో ఏం చెప్పాలంటే, "ఇదంతా మోసం" అని మొదలుపెట్టొద్దు, మీకు అది తెలియదు కూడా. జపమాల మానమనొద్దు. ఆ ప్రార్థనకు ఈ సందేశాల ఆసరా అక్కర్లేదు. "అమ్మా, ఆవిడ ఉండే మేత్రాసనం (బిషప్ పాలించే ప్రాంతం) బిషప్ ఏమన్నారు?" అని అడగండి. మీ బిషప్ కాదు, దర్శనాలు జరుగుతున్నాయంటున్న చోటి బిషప్. మేత్రాసనం వెబ్‌సైట్‌లో ప్రకటన ఉండొచ్చు, లేకపోతే మీ విచారణ గురువు ద్వారా ఉత్తరం రాయించండి. వద్దని తీర్పు ఉంటే బృందంలో చదవడం ఆపాలి, అందులో వాదన లేదు. ఏ తీర్పూ లేకపోతే అమ్మ ఇంట్లో సొంతంగా చదువుకోవడాన్ని మీరు ఆపలేరు. కానీ ప్రార్థన సమయంలో చదవొద్దని, ఎవరికీ పంపొద్దని అడగొచ్చు. ఆ సమయంలో వచ్చే ఆదివారం సువార్త చదవమని బృందాన్ని నడిపేవారికి చెప్పి చూడండి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. కొవ్వొత్తులు ఉంటే ఉండనివ్వండి, కరెంటు పోయినప్పుడు పనికొస్తాయి. ఆవిడ పేరు మీద ఎవరైనా డబ్బు అడుగుతున్నారా, అమ్మ పంపిందా అన్నది మాత్రం ఈరోజే కనుక్కోండి. పంపి ఉంటే ఇక ఆపించి, ఆ రసీదులు మీ విచారణ గురువుకు చూపించండి.